మర చెడిన బోల్టు

హైదరాబాదు నుండి వరంగల్లునకు పోవు 163వ జాతీయ రహదారిపై జనగామ కలదు. వరంగల్లునకు ఈశాన్యమున బొగ్గుగనుల ఊరైన భూపాలపల్లి, ఆగ్నేయమున రైలుమార్గముపై మహబూబాబాదు ఉన్నవి. మహబూబాబాదును జనులు నేటికిని మానుకోట యనియే పిలుతురు. ఈ మూడును ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోని పట్టణములే. 2016 అక్టోబరు 11వ తేదీన ఇవి వేరువేరు జిల్లాలకు ముఖ్యపట్టణములైనవి. ఇట్టి ఊళ్లలో రహదారి వెంట పోవునపుడు మోటారు మరమ్మతు షెడ్లు కనబడును. రేకుల కప్పు, నూనె ఇంకి నల్లబడిన నేల, గోడమేకులకు వరుసగా వ్రేలాడు పానాలు - ఇదియే షెడ్డు. స్పానరును మన ప్రాంతమున పానా యందురు. పాతకారు ఒకటి అట్టి షెడ్డునకు వచ్చినపుడు మేస్త్రీ నోట తరచుగా వెలువడు మాట ఒకటి కలదు: “త్రెడ్డు పోయింది సార్.”

ఆ మాట వినగానే కారు యజమాని ముఖము చిన్నబోవును. ఒక చిన్న బోల్టు పాడైనందుకు ఇంత చింత యేల యని మనకు తోచవచ్చును. అది తెలియవలెనన్న ముందు మర యనగానేమో తెలియవలెను.

ఒక కాగితమును లంబకోణ త్రిభుజముగా కత్తిరించి, నిలువు అంచును పెన్సిలునకు ఆనించి చుట్టుడు. త్రిభుజము యొక్క ఏటవాలు అంచు పెన్సిలు చుట్టును మెలిదిరిగి పైకి ప్రాకును. మర యనగా అంతియే. కొండపైకి బరువును నిలువుగా ఎత్తుటకంటె వాలుబాటపై లాగుట సులభము. ఆ వాలుబాటనే ఒక కడ్డీకి చుట్టినచో మర యగును. 8 మిల్లీమీటర్ల సామాన్యమైన బోల్టును ఒక చుట్టు త్రిప్పినచో అది లోనికి పోవునది 1.25 మిల్లీమీటరు మాత్రమే. దానిని త్రిప్పు పానా పొడవు 20 సెంటీమీటర్లనుకొందము. ఒక చుట్టునకు మన చేయి సుమారు 125 సెంటీమీటర్లు తిరిగి వచ్చును. చేయి నడచిన దూరము బోల్టు నడచిన దూరమునకు వేయిరెట్లు. కావున బలము కూడ వేయిరెట్లు కావలసినది. కాని అందులో పదింట తొమ్మిది పాళ్లు రాపిడియే హరించును. మిగిలిన పాలే నూరురెట్లు! పది కిలోల బలముతో పానాను నొక్కిన మనిషి, రెండు ఇనుపభాగములను సుమారు వేయి కిలోల బలముతో ఒకదానికొకటి అదిమిపట్టుచున్నాడన్నమాట. తొమ్మిది పాళ్లు వృథా అయినవని విచారింపనక్కరలేదు. ఆ రాపిడియే లేనిచో బిగించిన బోల్టు చేయి తీసిన మరుక్షణమే వెనుకకు తిరిగి వదులైపోవును.

ఇంత బరువును మోయునది మరయొక్క సన్నని అంచులు. నట్టులో ఆరేడు చుట్లున్నను అవి బరువును సమానముగా పంచుకొనవు. నట్టు ఆనుకొను వైపున ఉన్న మొదటి చుట్టే సుమారు మూడవ వంతు బరువు మోయును. మితిమీరి బిగించినపుడు ముందుగా తెగునది అదియే. అది తెగగానే దాని భారము రెండవదానిపై పడును, అదియు తెగును, పిదప మూడవది. పానా కింద గట్టిగా నున్న బోల్టు ఒక్కసారిగా వెన్నలో తిరిగినట్లు మెత్తగా తిరుగుట మొదలిడును. చేయి ఆ మార్పును గుర్తించులోపలనే పని జరిగిపోవును. ‘త్రెడ్డు పోవుట’ యనగా ఇదియే.

పాతకార్లలో ఇట్లు జరుగుటకు తుప్పు ఒక కారణము. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారమున ఇనుపరాయి కలదు. ఇనుము ఆమ్లజనితో కూడియుండుట చేతనే అట్టి రాయి ఎఱ్ఱగా నుండును. మనుష్యుడు కొలిమిలో ఎంతో శ్రమపడి ఆ ఆమ్లజనిని విడదీసి ఇనుమును చేయును. వానలో తడిసిన బోల్టు మాత్రము ఎవ్వరి ప్రమేయము లేకయే తిరిగి ఆ ఎఱ్ఱమట్టి వైపునకు మళ్లును. పుట్టిన తుప్పు, తిన్న ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. మర సందులలో చోటు లేదు గనుక అది లోపలనే ఒత్తుకొని బోల్టునకును రంధ్రమునకును నడుమ బిరడా వలె బిగియును. అప్పుడు బలవంతముగా త్రిప్పినచో తల తెగుటయో, మర ఊడుటయో తప్పదు.

తుప్పుకంటె చిక్కైన కారణము వేరొకటి కలదు. అది కొలతల తగవు. ఈ కథ కొంచెము దూరము నుండి చెప్పవలసియున్నది.

పూర్వము ఏ కర్మాగారము వారి మర వారిదే. ఒకరి నట్టు మరియొకరి బోల్టునకు ఎక్కెడిది కాదు. ఇంగ్లండులో హెన్రీ మాడ్స్లీ అను పనివాడు 18వ శతాబ్ది చివరి సంవత్సరములలో మరలను కోయు లేతును చక్కచేసి, ఒకే విధమైన మరలను ఎన్నియైనను చేయవచ్చునని చూపెను. అతని పనిశాలలో పనిచేసిన జోసఫ్ విట్‌వర్త్ పలు కర్మాగారముల నుండి బోల్టులను సేకరించి, వాని సగటును గ్రహించి, 1841లో దేశమంతటికిని ఒకే మరను ప్రతిపాదించెను. దాని పంటి కోణము 55 డిగ్రీలు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ అను నతడు 60 డిగ్రీల మరను ప్రతిపాదించెను. చేయుటకు ఇది సులభమని అతని వాదము. ఫ్రాన్సు మొదలగు దేశములు మీటరు లెక్కను పట్టుకొన్నవి. రెండవ ప్రపంచయుద్ధమున ఒకే పక్షమున పోరాడిన బ్రిటను, అమెరికాల బోల్టులు ఒకదానికొకటి సరిపడక ఎంత ఇబ్బంది కలిగెననగా, యుద్ధము ముగిసిన పిదప 1948 నవంబరులో ఆ రెండు దేశములును కెనడాయు వాషింగ్టనులో సమావేశమై, అంగుళపు లెక్కలో 60 డిగ్రీల ఏకీకృత మరను అంగీకరించినవి.

ఇది మన షెడ్డులోనికి ఎట్లు వచ్చినది? అంబాసిడరు కారునకు మూలము బ్రిటను దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు. హిందూస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడాలో దానిని 1957 నుండి 2014 వరకు తయారుచేసిరి. విచిత్రమేమనగా, మన దేశమున నయాపైసలు చెల్లుబడికి వచ్చినదియు 1957లోనే. దేశము గజములను విడిచి మీటర్లకు మరలుచున్న కాలముననే అంగుళపు మరల కారు మన రోడ్లపై అడుగుపెట్టినది! బొంబాయిలో తయారైన ప్రీమియర్ పద్మిని ఇటలీ దేశపు ఫియట్ వంశము, దాని మరలు మిల్లీమీటర్లవి. తరువాత అంబాసిడరునకే జపాను దేశపు ఇసుజు ఇంజను అమర్చుటతో, ఒక్క కారులోనే ఇంజనులో మిల్లీమీటరు మరలు, తక్కిన చోట్ల చాలవరకు అంగుళపు మరలు చేరినవి.

ఇప్పుడు షెడ్డు మూలనున్న బోల్టుల డబ్బాను తలచుకొనుడు. విప్పిన ప్రతి పాత బోల్టును మేస్త్రీ అందులో వేయును. కుఱ్ఱవాడు చేయిపెట్టి సరిపోవునట్లు కనబడినదానిని తీయును. అంగుళమున 16వ భాగములు 5 గల బోల్టు మందము 7.94 మిల్లీమీటర్లు. మిల్లీమీటరు బోల్టు మందము 8. ఈ రెండింటిని కన్ను వేరుచేయగలదా? కాని మొదటిదానికి, సన్నమర యైనచో, అంగుళమునకు 24 చుట్లు, రెండవదానికి ఇంచుమించు 20. మొదటి రెండు చుట్లు వ్రేలితోనే పోవును. తరువాత బిగియును. బిగిసినది గదా యని కుఱ్ఱవాడు పానా వేయును. రాపిడి పోను పానాకు నూరురెట్ల బలము కలదని ఇంతకు ముందే చూచితిమి. రంధ్రములోని మర అప్పుడే నశించును. పాత బోల్టుల డబ్బా పొదుపునకు చిహ్నమే, కాదనను. అయితే కొలతను బట్టి డబ్బాలను వేరుచేయని షెడ్డులో ఆ పొదుపు ఖరీదైన పొదుపే యగును. కొలత పరికరము లేనిచో పాత బోల్టును క్రొత్తదానిని ప్రక్కప్రక్కన ఆనించి వెలుతురునకు పట్టి చూచుట మంచి పద్ధతి. ఒకదాని పండ్లు రెండవదాని పల్లములలో చివరివరకు ఇమిడినచో రెండును ఒకే మర. నడుమ వెలుతురు కనబడినచో కాదు.

మర చెడుట ఒకటియైతే తల చెడుట వేరొకటి. మరమేకు తలపై గాడి అరిగినచో స్క్రూడ్రైవరు జారును. కూడలి ఆకారపు గాడి గలవానిని మనవారు స్టారు స్క్రూలందురు. వీనిని అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ ప్రచారములోనికి తెచ్చెను, 1936లో వాటికి పేటెంట్లు పొందెను. బలము ఎక్కువైనచో డ్రైవరు తనంతట పైకి జారుట వీని స్వభావము. జపాను వారి స్టారు స్క్రూ దీనిని పోలియే యుండును గాని గాడి లోపలి ఆకృతి వేరు. సుజుకీ వంశపు మారుతి 800 కారులో ఈ రెండవరకము కనబడును. పెక్కింటి తలపై ఒక చిన్నచుక్క ఉండును. దానిలో ఫిలిప్స్ డ్రైవరును పెట్టి త్రిప్పినవాడు గాడిని గుండ్రముగా చేసి, పిదప స్క్రూ నాణ్యతను నిందించును.

గాడి అరిగిన మరమేకును తీయుటకు మొదట ఓపిక కావలెను. తీగబ్రష్షుతో తుప్పు దులిపి, సన్నని నూనె వేసి, వీలైనచో రాత్రియంతయు విడిచిపెట్టవలెను. నూనె సందులలోనికి తనంతట ఇంకును. తలపై సుత్తితో మెల్లగా తట్టినచో తుప్పుకట్టు విరిగి నూనెకు దారి యిచ్చును. డ్రైవరు మొనకు వాల్వు నూరు ముద్దను కొంచెము పూసినచో అందలి రజను గాడిని పట్టుకొనును. అప్పటికిని రానిచో తలపై హాక్సా రంపముతో క్రొత్తగాడి కోసి, వెడల్పు డ్రైవరుతో త్రిప్పవచ్చును. ఆరుపలకల తల గుండ్రబడినచో ఆకురాయితో రెండు ఎదురు పలకలను చదును చేసి, తక్కువ సైజు పానాను దిగగొట్టుదురు. త్రిప్పునపుడు వెంటనే విప్పుటకు పూనుకొనక, మొదట ఇసుమంత బిగించి, తరువాత విప్పవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. కదలిక ఏ దిక్కునకైనను తుప్పు విరుగును గదా.

మంట చూపుట మరియొక ఉపాయము. ఒక డిగ్రీ వేడికి ఇనుము తన కొలతలో పదిలక్షల పాళ్లలో సుమారు 12 పాళ్లు వ్యాకోచించును. 10 మిల్లీమీటర్ల రంధ్రము గల నట్టును 300 డిగ్రీలు వేడిచేసినచో రంధ్రము 0.036 మిల్లీమీటరు పెద్దదగును. ఇది తలవెంట్రుక మందములో సగమే. తుప్పుకట్టు పగులుటకు అదియే చాలును. పెట్రోలు తొట్టి దగ్గరగాని, బ్రేకు గొట్టముల దగ్గరగాని మంట వెలిగించుట మాత్రము ప్రాణాపాయకరము.

బోల్టు విరిగి సగము లోపలనే ఉండిపోయినచో పని కష్టతరమగును. విరిగిన ముక్క కొంచెము పైకి కనబడుచున్నచో దానిపై నట్టునుంచి వెల్డింగు చేయుట ఉత్తమము. వెల్డింగు వేడికి తుప్పు వదులును, త్రిప్పుటకు క్రొత్త తలయు దొరకును. ముక్క లోపలికి ఉన్నచో సరిగా నడిమధ్యను పంచితో గురుతుపెట్టి, డ్రిల్లుతో రంధ్రము చేసి, ఎడమమర గల మొనతేలిన ఎక్స్‌ట్రాక్టరును అందు దించి ఎడమవైపు త్రిప్పుదురు. అది త్రిప్పిన కొలది గట్టిగా కరచుకొని విరిగిన ముక్కను వెంటబెట్టుకొని వచ్చును. ఈ పరికరము మిక్కిలి కఠినమైన ఉక్కుతో చేయబడినది, కఠినమైనది గనుకనే పెళుసు. అది లోపల విరిగినచో సామాన్యపు డ్రిల్లు దానిపై పనిచేయదు. అప్పుడు మొదటి కష్టమే మేలనిపించును.

ఇక రంధ్రములోని మర చెడిన సంగతి. ఇంటి తలుపు మడతబందులో మరమేకు వదులైనపుడు వడ్రంగి ఏమి చేయును? రంధ్రములో కొయ్యచీల దిగగొట్టి, దానిలో మరల మరమేకు బిగించును. మోటారు మేస్త్రీ చేయునదియు ఇంచుమించు ఇదియే. మర కొంతయే నలిగినచో అదే కొలత ట్యాపును నడిపి శుభ్రపరచిన చాలును. ట్యాపును నడుపుటలో ఒక లయ కలదు: అరచుట్టు ముందునకు, పావుచుట్టు వెనుకకు. వెనుకకు త్రిప్పినపుడు తెగిన రజను విరిగి రాలును. ఉక్కునకు నూనె, అల్యూమినియమునకు కిరసనాయిలు వేయుచుండవలెను.

మర పూర్తిగా పోయినచో ఒక మార్గము రంధ్రమును పెద్దది చేసి పెద్దబోల్టు వేయుట. అందులకు లోహము చాలినంత ఉండవలెను, బోల్టు పట్టు భాగములోని రంధ్రమును కూడ పెంచవలెను. మరియొక మార్గము నాకు మిక్కిలి ముచ్చట గొలుపునది, తీగచుట్ట. చెడిన రంధ్రమును కొంచెము పెంచి, ప్రత్యేకమైన ట్యాపుతో పెద్దమర కోసి, దానిలో తుప్పుపట్టని ఉక్కుతీగతో చేసిన స్ప్రింగు వంటి చుట్టను దించుదురు. ఆ తీగ అడ్డుకోత చతురస్రమును మూలపై నిలిపినట్లుండును. అందుచే దాని వెలుపలి అంచు రంధ్రములోని క్రొత్తమరలో ఇమిడిపోవును, లోపలి అంచు తానే మర యగును. చుట్టను త్రిప్పుటకై అడుగున వంచియుంచిన తోకను చివర విరిచి తీసివేయుదురు. మునుపటి బోల్టే, మునుపటి కొలతయే మరల సరిపోవును. అల్యూమినియము వంటి మెత్తని లోహములో ఇట్టి మర మొదటిదానికంటెను గట్టిగా నుండును.

స్పార్కుప్లగ్గు రంధ్రములు ఇట్లే బాగుపడును. సాధారణముగా వాని మర 14 మిల్లీమీటర్లది, చుట్టునకు 1.25 మిల్లీమీటరు. ఇంజను తలను విప్పకుండ ఈ పని చేయువారు ట్యాపు గాళ్లలో దట్టముగా గ్రీజు నింపుదురు, రజను దానికి అంటుకొని పైకి వచ్చును. గ్రీజు మరచి, రజను సిలిండరులో పడినచో పిస్టను దానిని ప్రతి క్షణమును గోడకు రాయుచుండును.

ఈ చిన్నపని విలువ నేడు పెరిగినది. అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది. క్రొత్త ఇంజను దిమ్మెను కంపెనీ నుండి తెప్పించుకొందమన్న వీలుపడదు. దిమ్మెలో ఒక రంధ్రము చెడి, బాగుచేయువాడు దొరకనిచో, ఇంకను పది సంవత్సరములు తిరుగవలసిన బండి పాత ఇనుము వ్యాపారి తక్కెడకు చేరవచ్చును. ఆ బండిపై బ్రతుకు కుటుంబమునకు ఆ రంధ్రము చిన్నది కాదు.

అయినను ప్రతి మరను బాగుచేసి వాడవచ్చునని తలపరాదు. నంబరు పలక ఊడిపోయినచో తిరిగి తెచ్చుకొనవచ్చును. ఇంజను అడుగున నూనె నిలుచు చాంబరు బిరడా ఊడినచో నూనె కారిపోయి ఇంజను బిగుసుకొనును. అది డబ్బునష్టము. బ్రేకు, స్టీరింగు, చక్రము - ఈ మూటి బోల్టులు ఊడినచో నష్టపడునది మనుష్యులు. ఇచ్చట చెడిన బోల్టును, నట్టును, స్టడ్డును తీసివేసి క్రొత్తవి వేయవలసినదే; వెల్డింగుతో అతుకు వేయరాదు, డబ్బాలోని పాతది వాడరాదు. మిల్లీమీటరు బోల్టు తలపై 8.8 వంటి అంకె చెక్కియుండును. మొదటి 8, ప్రతి చదరపు మిల్లీమీటరునకు 800 న్యూటన్ల బలము వరకు తెగదని తెలుపును. చుక్క తరువాతి 8, అందులో 80 పాళ్ల వరకు సాగి రూపు చెడదని తెలుపును. అంకె చెరిగినది, అంకె లేనిది, తక్కువ అంకెది ఈ చోట్లకు తగదు. చూపునకు అన్నియు ఒక్కటే బోల్టులుగా నుండుటయే ఇందలి అపాయము.

బిగించుటలోను కొలత కలదు. చిన్నకారు చక్రపు నట్టునకు 8, 10 కిలోగ్రాము-మీటర్ల మెలిక చాలును. అనగా మీటరు పొడవు పానా కొనను పది కిలోల బలముతో నొక్కుట. కొన్ని చోట్ల పానాకు ఇనుపగొట్టము తొడిగి, దానిపై మనిషి ఎక్కి నిలుచుట కద్దు. 50 కిలోల కుఱ్ఱవాడు మీటరు గొట్టముపై నిలిచినచో కావలసినదానికి అయిదురెట్ల మెలిక పడును. స్టడ్డు అప్పుడే విరిగినచో అదృష్టమే. విరుగక సాగి, లోలోపల బీటవారినదైనచో అది రోడ్డుపై విరుగును. కావుననే మంచి షెడ్లలో మెలికను కొలుచు టార్కురెంచి ఉండును.

నట్టును ఎక్కించునపుడు మొదట వెనుకకు త్రిప్పవలెను. మర మొదలు మరమొదలుపై నుండి జారినచోట చిన్న ‘టిక్’ చప్పుడు చేతికి తెలియును. అచ్చటి నుండి ముందునకు త్రిప్పినచో మర అడ్డముగా ఎక్కదు. రెండు మూడు చుట్లు వ్రేళ్లతోనే పోనిచ్చిన పిదపనే పానా తీయవలెను. చక్రపు నట్లను వరుసగా గాక ఎదురెదురుగా బిగింతురు. వాటికి గ్రీజు పూయరాదు. క్రొత్తగా వేసిన స్టడ్లు మొదటి ప్రయాణములో కొంచెము కుదురుకొని వదులగును. జనగామలో చక్రము బిగించుకొని బయలుదేరిన బండి వరంగల్లు చేరి చల్లబడిన తరువాత, అదే టార్కురెంచితో నట్లన్నింటిని మరియొకసారి సరిచూచుకొని, పిమ్మటనే భూపాలపల్లి దారి పట్టవలెను.